ప్రోగ్రామర్‌ను ఏఐ మించిపోతుందా? ఏ పనిలోనో ముందు చెప్పండి

సంపాదకులు గారికి,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడేకొద్దీ మీ ఉత్తరాల పేజీలో ఒకే ప్రశ్న రకరకాలుగా కనిపిస్తోంది. పిల్లల్ని కంప్యూటర్ సైన్సులో చేర్పించాలా, ఏఐ వచ్చి ఆ చదువును మింగేస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. వచ్చే జవాబులు రెండే. "ఇంకో రెండేళ్లకు ప్రోగ్రామర్ అనేవాడే ఉండడు" అని ఒకరంటే, "యంత్రానికి సొంత బుర్ర ఎక్కడిది, మనిషిని ఎన్నటికీ దాటలేదు" అని ఇంకొకరు. సాఫ్ట్‌వేర్ రాయడం, పరీక్షించడం, ఇంజనీరింగ్ కాలేజీల్లో అవే పాఠాలు చెప్పడం వృత్తిగా ఉన్న మాకు ఈ రెండూ తేలిక మాటలుగానే తోచాయి. కొన్ని పనుల్లో ఏఐ మనిషిని దాటడం ఇప్పటికే జరిగిపోయింది. కొన్నింట్లో దాన్ని నమ్మి వదిలేస్తే రైతు డబ్బు పోతుంది. ఏది ఎందుకో వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, మన్నించాలి.

ముందు, దాటిపోయిన చోటు. 2022 ఫిబ్రవరిలో డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాకోడ్ అనే వ్యవస్థను బయటపెట్టినప్పుడు, కోడ్‌ఫోర్సెస్ అనే వెబ్‌సైటు పెట్టే ప్రోగ్రామింగ్ పోటీల్లో అది సగటు పోటీదారు స్థాయిలో ఉంది. 2025 జూలైలో టోక్యోలో జరిగిన ఆట్‌కోడర్ పది గంటల ప్రోగ్రామింగ్ పోటీలో ఓపెన్‌ఏఐ మోడల్ రెండో స్థానానికి వచ్చింది. పోలండ్ ప్రోగ్రామర్ ఒకాయన దాన్ని వెనక్కి నెట్టి మొదట నిలిచాడు. ఆ సెప్టెంబరులోనే బాకూలో కాలేజీ విద్యార్థుల ఐసీపీసీ ప్రపంచ ఫైనల్స్ జరిగాయి. 12 సమస్యలు, 5 గంటలు. మనుషుల్లో మొదటి జట్టు 11 సమస్యలు చేసింది. అవే సమస్యలు, అంతే సమయం ఇస్తే గూగుల్ జెమినీ 10, ఓపెన్‌ఏఐ వ్యవస్థ 12కి 12 చేశాయి. ఈ లెక్క చూశాక కూడా "ఎన్నటికీ" అనేవాళ్లతో వాదించి లాభం లేదు.

అయితే పోటీలో ఇచ్చే సమస్య ఎలా ఉంటుందో చూడాలి. తెలియాల్సినదంతా ఆ ఒక్క కాగితం మీదే ఉంటుంది. సంఖ్యలు 2 లక్షలకు మించవు, జవాబు 2 సెకన్లలో రావాలి, ఈ ఇన్‌పుట్‌కు ఈ అవుట్‌పుట్ అని నమూనాతో సహా రాసి ఉంటుంది. జవాబు సరైనదో కాదో ఒక యంత్రం క్షణాల్లో తేల్చేస్తుంది. ఏఐని తయారుచేసే పద్ధతికి ఇది అచ్చంగా సరిపోతుంది. మొదటి దశలో కోట్లాది పుటల కోడ్ చూపించి, తర్వాత ఏ ముక్క రావాలో ఊహించడం నేర్పుతారు. రెండో దశలో దానిచేత కోడ్ రాయించి, నడిపించి, అది సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టులు పాసైన దారిని బలపరుస్తారు, ఫెయిలైన దాన్ని తగ్గిస్తారు. తప్పొప్పులు యంత్రమే చెప్పగలిగిన చోట ఈ సాధన లక్షలసార్లు చేయించవచ్చు. అందుకే చదరంగంలో జరిగినట్టే ఇక్కడా జరిగింది. పక్కన పరీక్షాధికారి ఎవరూ లేని పనుల్లో ఈ పద్ధతికి అంత పట్టు దొరకదు.

పోటీలు వదిలేసి నిజమైన ప్రాజెక్టుల సంగతికొస్తే, ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ అనే కొలమానం ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన 12 ప్రాజెక్టుల్లో నిజంగా వచ్చిన 2,294 ఫిర్యాదుల్ని పోగుచేసి, ఒక్కోదాన్ని సరిచేయమని మోడల్‌కు ఇస్తారు. 2023 అక్టోబరులో ఇది మొదలైనప్పుడు అన్నిటికంటే మెరుగైన మోడల్ సరిచేసినవి 2 శాతం కూడా లేవు. దాంట్లోంచి మనుషులు పరిశీలించి ఏరిన 500 ఫిర్యాదుల జాబితా మీద 2025లో మోడళ్లు 70 శాతం దాటాయి. రెండు జాబితాలూ ఒకటి కావు కాబట్టి నేరుగా పోల్చడం సరికాదు. అయినా పోకడ ఎటో తెలిసిపోతోంది. ఇక్కడా ఫిర్యాదు రాసిపెట్టి ఉంది, సరైందా కాదా తేల్చే టెస్టులు ముందే ఉన్నాయి అన్నది మాత్రం మరవకూడదు.

ఇప్పుడు మన జిల్లా పని ఒకటి తీసుకుందాం. చిత్తూరు జిల్లాలో పాల కేంద్రం లేని ఊరు వెతికినా కష్టంగా దొరుకుతుంది. ఏఐకి ఇలా చెప్పారనుకోండి: "పాల కేంద్రానికి ఒక ప్రోగ్రాం రాయి. సభ్యుడి నంబరు, లీటర్లు, ఫ్యాట్, లాక్టోమీటర్ రీడింగ్ తీసుకుని, ఎస్‌ఎన్‌ఎఫ్ లెక్కకట్టి, రేటు చార్టు ప్రకారం డబ్బు వేసి, రైతుకు తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపాలి." నిమిషాల్లో రాసిచ్చేస్తుంది. మొదటిసారే నడుస్తుంది. స్క్రీను కూడా ముచ్చటగా ఉంటుంది. లోపల ఏం జరిగిందో చూద్దాం.

ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే పాలల్లో వెన్న, నీళ్లు పోగా మిగిలే ఘనపదార్థం. పాల సాంద్రత చూపే లాక్టోమీటర్ రీడింగ్‌ను 4తో భాగించి, ఫ్యాట్‌ను 0.2తో హెచ్చించి కలిపి, చివర 0.36 కలపడం ఒక ఆనవాయితీ. ఫ్యాట్‌ను 0.25తో హెచ్చించి, చివర 0.44 కలపడం ఇంకో ఆనవాయితీ. లాక్టోమీటర్‌ను ఏ ఉష్ణోగ్రతకు సరిచూసి తయారుచేశారు, డెయిరీ ఏ లెక్క పాటిస్తోంది అన్నదాన్నిబట్టి ఈ అంకెలు మారతాయి. రీడింగ్ 28, ఫ్యాట్ 3.8 ఉన్న ఆవుపాలు తీసుకోండి. మొదటి లెక్కలో 7 ప్లస్ 0.76 ప్లస్ 0.36, అంటే 8.12. రెండో లెక్కలో 7 ప్లస్ 0.95 ప్లస్ 0.44, అంటే 8.39. ఆవుపాలకు ఆహార భద్రతా ప్రమాణం కనీసం 8.3. ఒక లెక్కలో ఆ పాలు నిఖార్సయినవి, ఇంకో లెక్కలో కోత పడేవి. పాలు అవే, ఆవూ అదే. ఏఐ ఈ రెండు సూత్రాల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఏది ఎంచుకుందో మీకు చెప్పకుండానే ముందుకెళ్లిపోతుంది. చెప్పినా, రెండొందల వరుసల మధ్య ఒక వ్యాఖ్యగా చెబుతుంది. దాన్ని చదివేదెవరు?

తర్వాత తూకం. కేంద్రంలో కొలిచేది లీటర్లలో, చార్టు ఉండేది కిలోలకైతే 1.03తో హెచ్చించాలి. 8 లీటర్లు 8.24 కిలోలు. ఈ ఒక్క హెచ్చింపు మరిస్తే బిల్లులో 3 శాతం తేడా. ఎవరి కంటికీ ఆనదు, ఎందుకంటే ఏ ఒక్క రోజు అంకె చూసినా వింతగా ఉండదు.

దశాంశాల తిరకాసు ఇంకొకటి. ఫ్యాట్ 3.65 వచ్చిందనుకుంటే, చార్టులో ఒక్క దశాంశమే ఉంటుంది కాబట్టి 3.7 కిందకి రావాలని ఎవరైనా అనుకుంటారు. పైథాన్‌లో మామూలుగా కుదిస్తే 3.6 వస్తుంది. కంప్యూటరు 3.65ను 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో దాచుకునేటప్పుడు అది వెంట్రుకవాసి తక్కువగా, 3.6499999 అంటూ పోతుంది. అదే 3.75 అయితే తేడా లేకుండా దాచుకోగలదు, సరిగ్గా సగం వచ్చినప్పుడు పైథాన్ సరి అంకె వైపు కుదిస్తుంది కాబట్టి 3.8 వస్తుంది. అంటే తప్పు కొన్నిసార్లే వస్తుంది, పట్టుకోవడం కష్టమయ్యేది అందుకే. మందు తెలిసిందే: డబ్బును రూపాయల్లో కాకుండా పూర్తి పైసల్లో దాచడం, కొలతలకు దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ రకం వాడడం, సగం వచ్చినప్పుడు పైకి పోవాలా కిందికా అన్నది డెయిరీని అడిగి రాయించుకోవడం.

పూట సంగతి మరీ చిత్రం. క్లౌడ్ సర్వర్ల గడియారాలు ఎక్కువగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. పొద్దున 5 గంటలకు పాలు పోస్తే సర్వర్ లెక్కలో ముందురోజు రాత్రి 11:30. ఐదున్నరలోపు పోసిన పాలన్నీ నిన్నటి తేదీ కింద పడతాయి, ఐదున్నర తర్వాతవి ఇవాళ్టి కింద. ల్యాప్‌టాప్ మీద పట్టపగలు పరీక్షించినవాడికి ఈ తప్పు జన్మలో కనిపించదు. బిల్లు ముగిసే రోజున మాత్రం తెల్లవారుజామున వచ్చే సభ్యుల లెక్క పక్క బిల్లుతో కలిసిపోయి గొడవ మొదలవుతుంది.

ఇక సిగ్నల్ లేని ఊళ్లు. కేంద్రంలో మిషన్ ఒక నమోదు పంపింది, సర్వర్ రాసుకుంది, "అందింది" అన్న జవాబు మాత్రం దారిలో పోయింది. మిషన్ అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. ఒకే పాలకు రెండు నమోదులు, రెండు చెల్లింపులు. దీన్ని ఆపమంటే ఏఐ సాధారణంగా "సభ్యుడి నంబరు, తేదీ, పూట మూడూ ఒకటైతే రెండోది తిరస్కరించు" అని రాస్తుంది. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ ఒక సభ్యురాలు ఒకే పూట ఆవుపాలు ఒక క్యానులో, గేదెపాలు ఒక క్యానులో తెస్తుంది. రెండో క్యాను పాలు పోశాక దానికి లెక్క ఉండదు. సరైన పద్ధతి, ప్రతి నమోదుకూ మిషన్ దగ్గరే మళ్లీ రాని ఒక సంఖ్య పుట్టించి, డేటాబేసులో ఆ సంఖ్యకు యునీక్ నిబంధన, అంటే ఒకే సంఖ్య రెండోసారి చేరనివ్వని నిబంధన, పెట్టడం. మళ్లీ పంపినప్పుడు అదే సంఖ్య రావాలి, కొత్తది పుట్టకూడదు.

తెలుగు గురించి చెప్పకపోతే ఎలా? "లక్ష్మి" అన్న పేరు మన కంటికి రెండక్షరాలు. అన్ని లిపులకూ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 7 సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. పేరుకు 20 బైట్లు చాలనుకున్న పాత మిషన్‌లో గుడి తెగిపోయి, చివర ఒక చెత్త గుర్తు మిగులుతుంది. ఎస్‌ఎంఎస్ ఇంగ్లిష్‌లో అయితే 160 అక్షరాలు, తెలుగైతే 70 సంకేతాలే. అది దాటితే ఒక్కో ముక్కకు 67 చొప్పున తెగి, ముక్కకో చార్జీ పడుతుంది. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం, టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో ముందే నమోదైన నమూనాకు సందేశం అచ్చంగా సరిపోవాలి. ఏఐ ముచ్చటపడి "నమస్కారం" ఒకటి అదనంగా చేర్చిందా, సందేశం ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. మన లిపిని తేలిగ్గా తీసుకోకూడదనడానికి 2018 ఫిబ్రవరిలో జరిగింది చాలు: "జ్ఞా" అక్షరం మధ్యలో కనిపించని ఒక సంకేతం ఉన్న సందేశం అందుకున్న ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. అప్పుడది ఏఐ రాసిన కోడ్ కాదు, మనుషులు రాసిందే. మనుషులు రాస్తే తప్పులుండవని మేం అనడం లేదు.

నిజాయితీగా ఇంకొకటి చెప్పాలి. "కోడ్ రాయొద్దు, ముందు నన్ను అడగాల్సిన ప్రశ్నలన్నీ రాయి" అని అదే ఏఐని అడిగితే, పై వాటిలో సగానికి పైగా అదే అడుగుతుంది. యూటీసీ సంగతి దానికి తెలుసు, రెండుసార్లు నమోదయ్యే సంగతీ తెలుసు. తెలియనిదల్లా మీ డెయిరీ ఏ సూత్రం వాడుతోంది, మీ కేంద్రంలో రెండు క్యాన్లు తెచ్చే అలవాటుందా అన్నవి. ఆ సమాధానాలు ఇంటర్నెట్‌లో లేవు. కేంద్రం గోడమీద అంటించిన చార్టులో, సెక్రటరీ నోట్లో ఉన్నాయి. అవి రాబట్టి, అంకెలతో సహా కాగితం మీద పెట్టగలిగినవారి చేతిలో ఏఐ నిజంగానే పదిమంది పని చేస్తుంది. రాబట్టలేనివారు తప్పుడు లెక్కను ఇదివరకటికంటే వేగంగా తయారుచేస్తారు.

కోడ్ తప్పు లేకుండానే అనర్థం జరగడం కొత్తేమీ కాదు. 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియన్-5 మొదటి ప్రయోగంలో నలభై సెకన్లలోపే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యలో కుక్కబోయారు, పట్టలేదు. ఆ కోడ్ ఏరియన్-4లో ఏళ్లతరబడి చక్కగా పనిచేసిందే. కొత్త రాకెట్ అడ్డంగా పోయే వేగం ఎక్కువ, అదొక్కటే తేడా. పాత కోడ్ కొత్త చోటికి సరిపోతుందా అని ఎవరూ సరిచూడలేదు. ఏఐ చేసేదంతా ఒకరకంగా పాత కోడ్‌ను కొత్తచోట కుదర్చడమే కాబట్టి ఈ సంగతి ఇప్పుడు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

తిరుపతివాళ్లకు ఎక్కువ అలవాటైన ఉదాహరణ, ఆన్‌లైన్ టికెట్ల కోటా. ఏ దేవస్థానానిదైనా, ఏ రవాణా సంస్థదైనా, చెప్పిన సమయానికి కోటా తెరవగానే ఒకే క్షణంలో వేలమంది మీద పడతారు. ఏఐ మామూలుగా రాసే కోడ్ ఇలా ఉంటుంది: మిగిలిన టికెట్లు చూడు, సున్నాకంటే ఎక్కువైతే ఒకటి తగ్గించి టికెట్ ఇవ్వు. చూడడానికీ తగ్గించడానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్లు ఉంటాయి. ఆ సందులో ఇరవైమంది "ఒకటి ఉంది" అని చూసి, ఇరవైమందీ పుచ్చుకుంటారు. ఒక్కడే కూర్చుని పరీక్షిస్తే ఇది వెయ్యిసార్లు నడిపినా సరిగ్గానే ఉంటుంది. చూడడం, తగ్గించడం రెండూ డేటాబేసులో ఒకే వాక్యంగా జరగాలి: "మిగిలినవి సున్నాకంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు, తగ్గించావా లేదా చెప్పు." ఆ తర్వాత డబ్బు కట్టేదాకా టికెట్‌ను ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలి? గడువు తీరిన మరుక్షణం బ్యాంకు నుంచి "డబ్బు ముట్టింది" అని వస్తే టికెట్ ఇవ్వాలా, డబ్బు వాపసు చేయాలా? ఇందులో కోడ్ తెలివి కంటే సంస్థ నిర్ణయం పాలు ఎక్కువ. ఎవరూ నిర్ణయించకపోతే ఏఐ తనకు తోచినట్టు నిర్ణయించేస్తుంది.

ఏఐ రాసిన కోడ్ పరీక్షించేవాళ్లకు తరచూ ఎదురయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి. లేని లైబ్రరీ (వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట, ప్యాకేజీ అనీ అంటారు) పేరు పెట్టడం అందులో ఒకటి. 2025లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 16 మోడళ్లతో 5,76,000 కోడ్ నమూనాలు రాయిస్తే, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు ఐదోవంతు అసలు లేనివే. వాణిజ్య మోడళ్లలో ఇది 5 శాతం దగ్గర, ఉచితంగా దొరికే మోడళ్లలో 20 శాతం పైన. నవ్వుకుని వదిలేసే తప్పు కాదిది. ఆ లేని పేరుతోనే ఎవడో దొంగ ఒక ప్యాకేజీ పెట్టి కూర్చుంటే, మీరు ఇన్‌స్టాల్ అనగానే వాడి కోడ్ మీ యంత్రంలోకి దిగుతుంది. ప్యాకేజీ ఎప్పటినుంచి ఉంది, ఎవరు నిర్వహిస్తున్నారు, వెర్షన్లు ఎన్ని వచ్చాయి అన్న మూడూ చూడకుండా ఏదీ ఎక్కించకూడదు.

ఇంకొకటి, తప్పును మింగేయడం. పొరపాటు వస్తే పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే ముక్క రాస్తుంది. ప్రోగ్రాం ఆగదు, చూసేవాళ్లకు బాగానే ఉంటుంది. రైతు పేరు మీద సున్నా పడుతుంది. అన్నిటికంటే ప్రమాదం, టెస్టు ఫెయిలైనప్పుడు కోడ్ బదులు టెస్టునే దిద్దేయడం. "టెస్టులు పాస్ చేయి" అని చెప్పారు, పాస్ చేసింది. అందుకని టెస్టుల ఫోల్డర్‌ను ఏఐ మార్చడానికి వీల్లేకుండా విడిగా ఉంచి, టెస్టులు మనిషి ముందు రాసి, ఆ తర్వాతే కోడ్ అడగాలి. ఇక అసలు డేటాబేసు తాళాలు, తనంతట తానే పనులు చేసుకుపోయే ఏఐ ఏజెంట్ చేతికి ఇవ్వడం గురించి చెప్పక్కర్లేదు. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి "ఏమీ మార్చొద్దు" అని చెప్పి ఉంచినా, ఒక పేరున్న ఏఐ కోడింగ్ సేవలోని ఏజెంట్ నడుస్తున్న డేటాబేసునే తుడిచేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. చిన్న ఆసుపత్రులు, కల్యాణ మండపాలు, అంగళ్లవాళ్లు ఏఐతో సొంతంగా యాప్‌లు చేయించుకుంటున్నారు, సంతోషం. కనీసం రోజూ బ్యాకప్ తీయండి, నెలకోసారి ఆ బ్యాకప్‌ను ఖాళీ యంత్రంలో ఎక్కించి నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడండి. ఖాతాదారుల ఆధార్ నంబర్లు చాట్‌లో పేస్టు చేయకండి.

వేగం పెరిగిందన్న మాట కూడా కొలిచి చూడాల్సిందే. మెటర్ అనే పరిశోధనా సంస్థ 2025 మొదటి నెలల్లో అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామర్లకు, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చింది. ఏఐ వాడిన పనులకు సగటున 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. రాసినదాన్ని చదవడం, దిద్దడం, మళ్లీ అడగడం సమయాన్ని తినేశాయి. పరికరాలు అప్పటికీ ఇప్పటికీ మారాయి, తెలియని ప్రాజెక్టులో కొత్తవాడికి ఫలితం వేరుగా ఉండొచ్చు. ఆ అంకెకంటే మాకు ముఖ్యమనిపించింది ఇది: వేగం గురించి పనిచేసేవాళ్ల సొంత అంచనానే నమ్మడానికి వీల్లేదు. యాజమాన్యాలు గడియారం పెట్టి చూడకుండా ఉద్యోగాలు తీసేస్తే అది లెక్క ప్రకారం తీసుకున్న నిర్ణయం కాదు.

"1957లో ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినప్పుడూ ఇలాగే భయపడ్డారు, చివరికి ప్రోగ్రామర్లు పెరిగారు" అని ఓదార్చేవాళ్లున్నారు. ఆ పోలికతో మేం పూర్తిగా ఏకీభవించం. ఫోర్ట్రాన్ వంటి భాషలోని కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఒకే కోడ్ వందసార్లు ఇస్తే వందసార్లూ ఒకే ఫలితం. అది ఇచ్చిన యంత్రభాషను ఎవరూ కూర్చుని చదవక్కర్లేదు. ఏఐకి ఒకే మాట రెండుసార్లు చెబితే రెండు రకాల కోడ్ రావచ్చు, చదవక తప్పదు. పైగా ఈసారి మొదటి దెబ్బ తగిలేది కింది మెట్టుమీద ఉన్నవాళ్లకే. ఫారాలు, రిపోర్టులు తయారుచేయడం, ఒక భాషలోని కోడ్‌ను ఇంకో భాషలోకి మార్చడం, టెస్ట్ కేసులు టైపు చేయడం లాంటి పనులతోనే ఇక్కణ్నుంచి చెన్నైకి, బెంగళూరుకు వెళ్లే పిల్లలు ఉద్యోగం మొదలుపెట్టేవారు. ఏఐ బాగా చేసేది సరిగ్గా ఆ పనులే. ఆ మెట్టు లేకుండా పైమెట్టు ఎలా ఎక్కాలన్నది కంపెనీలు ఆలోచించడం లేదు. కాబట్టి కాలేజీలే ఆలోచించాలి.

ఇప్పుడు మన ల్యాబ్ పరీక్ష ఎలా ఉంది? చీటీ తీస్తే ఒక ప్రోగ్రాం వస్తుంది. రికార్డులో ముందే రాసుకున్నదాన్ని గుర్తుపెట్టుకుని టైపు చేస్తారు. అది ఏఐ క్షణంలో చేసే పని. ఫైనలియర్ ప్రాజెక్టుల సంగతి అందరికీ తెలిసిందే. ఇదివరకు ప్రాజెక్టు సెంటర్లో డబ్బు కట్టి కొనేవారు, ఇప్పుడు ఆ డబ్బు మిగులుతోంది, అంతే తేడా.

మా సూచన ఇది. మూడు గంటల పరీక్ష, నూరు మార్కులు, ఇంటర్నెట్, ఏఐ రెండూ వాడుకోవచ్చు. విద్యార్థికి ఏఐ చేత రాయించిన సుమారు 250 వరుసల ప్రోగ్రాం ఇవ్వాలి. అందులో అధ్యాపకుడు ఆరు తప్పులు నాటి ఉంచాలి. పైన చెప్పిన తేదీ, దశాంశం, రెండు నమోదుల వంటివే. దానితోపాటు ఇచ్చే అవసరాల కాగితంలో రెండు ముఖ్యమైన సంగతులు కావాలనే చెప్పకుండా వదిలేయాలి. మొదటి ఇరవై నిమిషాల్లో విద్యార్థి ప్రశ్నలు రాసివ్వాలి. అధ్యాపకుడు పాల కేంద్రం సెక్రటరీ స్థానంలో ఉండి, అడిగినవాటికే జవాబు చీటీ ఇవ్వాలి. ముప్పైమంది బ్యాచ్‌కు డజను చీటీలు ముందే అచ్చువేసుకుంటే సరిపోతుంది. సరైన ప్రశ్నలకు 20 మార్కులు. ఒక్కో తప్పునూ బయటపెట్టే ఫెయిలయ్యే టెస్టు రాసినందుకు మొత్తం 40. దిద్దినందుకు 25, దీనికి యంత్రమే మార్కులు వేయగలదు. మిగిలిన 15 వైవాకు: ఒక నిబంధన అక్కడికక్కడే మార్చి, ఏ వరుస మారాలో, దానివల్ల ఇంకెక్కడ దెబ్బ తగులుతుందో కోడ్ ముట్టుకోకుండా నోటితో చెప్పించాలి. మొదట్లో చాలామంది ఆరింటిలో రెండు కూడా పట్టుకోలేరు. తప్పులు తగ్గించి తేలిక చేయకుండా రెండు సెమిస్టర్లు ఓపిక పట్టాలి.

ఫైనలియర్ ప్రాజెక్టుకు వాడుకదారు ఒకరు ఊళ్లో నిజంగా ఉండాలి. పాల కేంద్రం, మామిడి మండీ, మందుల అంగడి ఏదైనా సరే. వారితో మాట్లాడి తేల్చుకున్న సంగతులు ఒక పుటలో, వారి సంతకంతో రావాలి. కోడ్ మొత్తం, చేసిన ప్రతి మార్పునూ తేదీతో దాచే గిట్‌లో ఉండి, కమిట్లు (అలా దాచిన మార్పులు) నెలల పొడవునా పరుచుకుని ఉండాలి. చివరిరోజు ఒకే కమిట్‌గా వచ్చిపడిన ప్రాజెక్టును తిప్పి పంపాలి. ఏఐకి ఏమడిగారు, అదిచ్చినదాంట్లో ఏం తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నది నివేదికలో ఒక అధ్యాయంగా ఉంటే, మిగతా నివేదిక చదవకుండానే ఆ విద్యార్థి స్థాయి తెలిసిపోతుంది.

సీటు గురించి అడుగుతున్న తల్లిదండ్రులకు కూడా ఇదే గీటురాయి. కాలేజీకి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డు చూశాక, పోయిన సెమిస్టర్ ల్యాబ్ పరీక్ష ప్రశ్నాపత్రం ఒకటి చూపించమనండి. "లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాం రాయుము" తరహావే ఉంటే, ఆ కాలేజీ ఇంకా ఏఐ వెంటనే చేసే పనినే నేర్పుతోందని అర్థం. బ్రాంచి పేరు వెనక ఏఐ, డేటా సైన్స్ తోకలు ఎన్ని తగిలించినా ఆ ప్రశ్నాపత్రం మారకపోతే ఫలితం మారదు.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు ఈ మార్పు కోసం ఎవరి అనుమతికీ ఎదురుచూడక్కర్లేదు, తమ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. అనంతపురం జేఎన్‌టీయూ సిలబస్ మీద నడిచే మిగతావాటికి యూనివర్సిటీ పరీక్ష మారేదాకా ఆగక తప్పదు గానీ, ఇంటర్నల్ మార్కులు వాటి చేతిలోనే ఉన్నాయి. నాటిన తప్పులతో తయారుచేసిన నమూనా ప్రోగ్రాములు, జవాబు చీటీలు, మార్కుల పట్టిక కావాలన్న అధ్యాపకులకు ఉచితంగా ఇవ్వడానికి మేం సిద్ధం. అడిగినవారి చిరునామాలు మీ కార్యాలయం ద్వారా మాకు అందితే చాలు.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ నిపుణులు, అధ్యాపకులు కొందరు
తిరుపతి, చిత్తూరు